అరువు చెయ్యి

పైడిరాజు చెయ్యి అరువు తెచ్చుకున్న ప్రతిసారీ కాత్యాయనికి ముందుగా తెలిసేది చల్లదనం. అది భుజం దగ్గర మొదలై, మోచేతి మీదుగా జారి, వేళ్ళ కొసల్లో ఆగేది. ఆ తర్వాత వేళ్ళు తేలికయ్యేవి. బల్ల మీద ఉన్న సన్నని తీగను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని తిప్పితే, దాని చివర ఎక్కడుందో కళ్ళు మూసుకున్నా తెలిసేది.

"ఎక్కిందా?" అని అడిగాడు పైడిరాజు పక్క కుర్చీలోంచి.

"ఎక్కింది. నీకెలా ఉంది?"

"నాకేటుంటాది, మొద్దుబారిపోయాయి. ఆ టీ గ్లాసు నువ్వే అందియ్యాలి."

ఆమె అందించింది. అతను రెండు అరచేతుల మధ్య గ్లాసు ఒత్తిపట్టుకుని, చిన్నపిల్లాడిలా జాగ్రత్తగా తాగాడు. ఇద్దరి తలల మీదా వలలాంటి టోపీలు, ఇద్దరి చేతులకూ మోచేతుల దాకా తొడుగులు, మధ్యలో బల్ల మీద బూడిదరంగు పెట్టె. ఆ పెట్టె పేరు వారధి.

విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ గుండె ఆసుపత్రికి దేశం నలుమూలల నుంచీ డాక్టర్లు ఫెలోషిప్ శిక్షణ కోసం వచ్చేది ఆ పెట్టె కోసమే. గుండె వైద్యం అంతా చదివేసినవాళ్ళే వాళ్ళు. మణికట్టులోని నాళం గుండా తీగను గుండె దాకా పంపి, మూసుకున్న దారిని బెలూను ఊది తెరిచి, అక్కడ స్టెంటు నిలబెట్టడం మాత్రం చదివితే వచ్చేది కాదు. ఆ ఒడుపు ఏళ్ళ తరబడి వేళ్ళకు పట్టాలి. ఆసుపత్రి అధిపతి డాక్టర్ త్రివిక్రమరావు ఆ ఒడుపును ఒక తలలోంచి తీసి ఇంకో తలలో పెట్టే ఉపాయం కనిపెట్టాడు. అయితే తీసింది తీసినచోట మిగలదు. ఇచ్చినవాడి వేళ్ళు అంతసేపూ పనికిరావు. తీసుకున్నవాళ్ళు నిద్రపోకముందే తిరిగి ఇచ్చెయ్యాలి. పగలు నేర్చినదాన్ని మెదడు నిద్రలోనే పాతుకునేలా చేస్తుంది. ఒకసారి పాతుకున్నాక దాన్ని పెకలించే దారి ఆయనకు కూడా దొరకలేదు.

మొదట్లో ఆయన తన చేతినే ఫెలోలకు ఇచ్చేవాడు. సాయంత్రం దాకా వాళ్ళ పక్కనే కూర్చుని, కాఫీ తాగిస్తూ, కబుర్లు చెబుతూ, ఎవరి కళ్ళు మూతపడినా భుజం తట్టి లేపేవాడు. వయసు మీదపడి ఆయన చేతికి వణుకు వచ్చాక, ఆ పని పైడిరాజుకు వచ్చింది. పైడిరాజు కూడా ఫెలోనే, కాత్యాయని బ్యాచే. సాలూరువాడు. అతని తండ్రి లారీ బాడీలకు చెక్కపని చేసేవాడు. పైడిరాజు తీగ పట్టుకుంటే అద్దాల గది వెనక టెక్నీషియన్లు మాటలాపేసి చూసేవారు. అలాంటి చెయ్యి తన సర్వీసులో చూడలేదని త్రివిక్రమరావే చెప్పేవాడు.

కాత్యాయనికి పుస్తకంలో లోటు లేదు. తెనాలిలో చదువుకునే రోజుల నుంచీ ప్రతి పరీక్షలోనూ ఆమే ముందు. చెయ్యి మాత్రం మాట వినలేదు. మూడు నెలల కిందట, సొంత చేత్తో చేసిన కేసులో తీగ నాళాన్ని చీల్చింది. బల్ల మీద ఉన్నది ఒక సంగీతం టీచరు. గుండె చుట్టూ రక్తం చేరి, మాట మధ్యలోనే ఆమె ప్రాణం పోయింది. ఆ రోజు నుంచి కాత్యాయని అరువు చేత్తో తప్ప కేసు ముట్టుకోలేదు.

ఆ ఉదయం కేసు కష్టమైనదే. నాళం ఎప్పటినుంచో పూర్తిగా మూసుకుపోయి రాయిలా గట్టిపడింది. కాత్యాయని చేతిలో తీగ అటూ ఇటూ వెతికి, ఆగి, కొంచెం వెనక్కి వచ్చి, మళ్ళీ సందు చూసుకుని దూరింది. అద్దం వెనక కూర్చున్న పైడిరాజు మైకులో, "అక్కడ తొందరపడకు, దాని మానాన దాన్ని పోనీ" అన్నాడు. తెర మీద నల్లని రంగు మందు ఎండిన కొమ్మలోకి నీళ్ళు పాకినట్టు పాకింది. రోగి గట్టిగా ఊపిరి పీల్చుకుని, "గుండెల మీద బండ ఎవరో దింపినట్టుందమ్మా" అన్నాడు.

సీసపు ఏప్రాన్ విప్పుతుంటే ఆమెకు ఏడుపొచ్చింది. సంతోషంతో వచ్చింది కాదు. సాయంత్రానికి ఇది తనది కాదని గుర్తొచ్చి వచ్చింది.

భోజనాల వేళ త్రివిక్రమరావు ఆమెను గదికి పిలిపించాడు. ఆయనకు ఒక్కగానొక్క వ్యసనం పచ్చి జామకాయలు. ముక్కల పళ్ళెం ఆమె వైపు జరిపాడు.

"నిన్న కమిటీ కూర్చుందమ్మా. సొంత చేత్తో కేసు ముట్టుకోవడం లేదని, ఈ నెలాఖరుతో నీ ఫెలోషిప్ ఆపేస్తున్నారు. నేను వాదించాను. లాభం లేకపోయింది."

ఆమె పళ్ళాన్ని వెనక్కి జరిపింది.

"పైడిరాజు కూడా వెళ్ళిపోతున్నాడు, తెలుసా? సాలూరులో కొత్త ఆసుపత్రి కడుతున్నారట, అక్కడికి. ఎంత చెప్పినా వినలేదు. కొండల మీంచి మోసుకొచ్చేలోపే జనం చచ్చిపోతున్నారు, నేను అక్కడ ఉండాలి అంటాడు. అలాంటి చెయ్యి అక్కడికి పోయి ఏం చేస్తుంది చెప్పు? యంత్రాలు చెడితే బాగుచేసే దిక్కుండదు. ఇక్కడుంటే వేలమందికి పనికొస్తుంది."

"వెళ్ళొద్దని మీరు గట్టిగా చెప్పండి సార్."

"మనిషిని ఆపలేను." ఆయన జామముక్కకు ఉప్పు అద్దుకున్నాడు. "ఆ చెయ్యి ఇప్పుడు నీ దగ్గరుంది. మధ్యాహ్నం పూట, ఏసీ గదిలో, అంత కష్టమైన కేసు చేసి అలసిపోయిన డాక్టరుకు కునుకు పట్టడం వింతేం కాదు. ఎవరూ తప్పుపట్టరు. నేనైతే పట్టను."

ఆమె తల ఎత్తి ఆయన ముఖం చూసింది. అందులో కోపం గానీ సిగ్గు గానీ లేదు. మందు మోతాదు చెప్పినప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది.

"పైడిరాజు ఎక్కడున్నాడు?" అంది.

"వాళ్ళ పాపను బడి నుంచి తీసుకురావాలని వెళ్ళాడు. నాలుగింటికి వస్తాడు. వారధి సిద్ధంగా పెట్టమన్నాడు."

లేడీ డాక్టర్ల విశ్రాంతి గదిలో ఎవరూ లేరు. కాత్యాయని తలుపు వేసింది. ముందు కుర్చీలోనే కూర్చుంది. ఫోన్ తీసి పైడిరాజు నంబరు చూసింది, చేస్తే ఏమని చెప్పాలో తోచలేదు. ఇంటికెళ్ళి అమ్మానాన్నలకు ఏం చెప్పాలో కూడా తోచలేదు. సంగీతం టీచరు భర్త ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని చెప్పులు వెతుక్కున్న తీరు గుర్తొచ్చింది. ఈ చేతులుంటే అలాంటిది ఇంకెప్పుడూ జరగదు అనుకుంది. తనను తాను నమ్మించుకోవడానికి ఆ ఒక్క మాట సరిపోయింది. ఫోన్ ఆపేసింది. జడ పిన్నులు తీసి బల్ల మీద పెట్టింది. కర్టెన్లు లాగి, మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. నిద్ర రాదేమో అని భయపడింది గానీ, అది చాలా తేలిగ్గా వచ్చింది.

తలుపు కొట్టిన చప్పుడుకు మెలకువ వచ్చేసరికి బయట ఎండ పసుపురంగు తిరిగింది. పైడిరాజు గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె చెంప మీద దిండు గీతలు చూశాడు. ఊడిన జడ చూశాడు. బల్ల మీద వరసగా పెట్టిన పిన్నులు చూశాడు. ఆ పిన్నుల దగ్గర అతని చూపు ఆగింది.

"పడుకున్నావా?" అన్నాడు మెల్లిగా.

"నిద్ర పట్టేసింది రాజూ."

అతను వెనక్కి తిరిగాడు. వారధి గదికి నడిచి, టోపీ పెట్టించుకుని, తొడుగుల్లో చేతులు దూర్చి కూర్చున్నాడు. ఆమె పక్క కుర్చీలో కూర్చుంది. పెట్టె చాలాసేపు ఝుంయిమంది. అటు నుంచి ఇటు ఏమీ రాలేదు. టెక్నీషియన్ మళ్ళీ మళ్ళీ మీట నొక్కాడు. చివరికి పైడిరాజే, "ఒగ్గెయ్ తమ్ముడూ, అది రాదు" అన్నాడు.

విచారణ జరిగింది. కాత్యాయని అదే మాట చెప్పింది. ఫెలోలు అలసటతో నిద్రపోవడం మానవ సహజమని త్రివిక్రమరావు చెప్పాడు. ఇచ్చేముందు, ఏం జరిగినా ఒప్పుకుంటానని సంతకం పెట్టావు కదా అని పైడిరాజును అడిగారు. పెట్టానన్నాడు. విచారణ ముగిసింది. కమిటీ కాత్యాయని ఫెలోషిప్‌ను కొనసాగించింది.

పోయింది తీగ తిప్పే ఒడుపు ఒక్కటే అయితే పైడిరాజు తట్టుకునేవాడేమో. వారధి వేళ్ళకు తెలిసినదంతా మూటకట్టి తీసుకుంటుంది. వాటిలో ఏది వైద్యమో ఏది కాదో దానికి తెలియదు. చొక్కా గుండీలు అతని భార్య ఈశ్వరి పెట్టాల్సి వచ్చింది. క్యాంటీనులో చెంచాతో తినడం మొదలుపెట్టాడు, అది కూడా సగం ఒలకబోస్తూ. ఇటు కాత్యాయని ప్రిస్క్రిప్షన్ రాస్తే అక్షరాలు గుండ్రంగా, ఎడమవైపుకు వాలి వచ్చేవి. ఫార్మసీ అమ్మాయి ఒకరోజు, "ఇది పైడిరాజు సార్ రాత కదా మేడం" అని అడిగింది. కాత్యాయని అప్పటినుంచి కంప్యూటరులోనే కొట్టించేది. ఎదురుగా ఎవరైనా చిన్నపిల్ల నిలబడితే, ఆమె వేళ్ళు, పైడిరాజు తన పాపకు జడ వేసినట్టు, వాటంతటవే మూడు పాయలు తీసి అల్లడం మొదలుపెట్టేవి. ఆమె చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని నడవడం నేర్చుకుంది.

త్రివిక్రమరావు పైడిరాజుకు అద్దం వెనక కుర్చీ ఇచ్చాడు. కాత్యాయని తీగ తిప్పుతుంటే అతను మైకులో చెప్పాలి. అతనికి వేరే దారి లేకపోయింది. వేళ్ళు లేని డాక్టరును సాలూరు ఆసుపత్రి గుండె విభాగానికి తీసుకోలేమంది. ఏడాదిపాటు అలాగే గడిచింది. అతను ఎప్పుడూ గొంతు పెంచలేదు. "వెనక్కి రా", "అక్కడ సన్నంగా ఉంది, చూసుకో", "ఇప్పుడు బెలూను", అంతే. కష్టమైన కేసులన్నీ వాళ్ళ దగ్గరికే వచ్చేవి. పత్రికల్లో కాత్యాయని ఫోటోలు పడ్డాయి. ఒక సభలో త్రివిక్రమరావు ఆమె చేతులు పైకెత్తి చూపించి, ఇవి ఈ రాష్ట్రపు ఆస్తి అన్నాడు. పైడిరాజు వెనక వరసలో కూర్చుని ఉన్నాడు. చప్పట్లు కొట్టడానికి కూడా అతని చేతులు సరిగా కలవలేదు. మర్నాడు అద్దం వెనక కుర్చీ ఖాళీగా ఉంది. సాలూరులో జ్వరాలూ దగ్గులూ చూసే డాక్టరుగా చేరిపోయాడని తర్వాత తెలిసింది.

అతను వెళ్ళిపోయాక మొదటి కొన్ని వారాలు ఏమీ కాలేదు. తర్వాత ఒక కేసు పోయింది. అది కాస్త ముదిరిన జబ్బు అనుకున్నారు. ఇంకొకటి పోయింది. మూడోది పోయినప్పుడు రోగి వయసులో చిన్నవాడు, భార్య కడుపుతో ఉంది. త్రివిక్రమరావు కాత్యాయనిని పిలిచి, "వెళ్ళి వాణ్ణి తీసుకురా. ఏం కావాలంటే అది ఇస్తానని చెప్పు" అన్నాడు.

సాలూరులో వీధి పొడుగునా లారీ షెడ్లు. రంపాల మోత, రంగుల వాసన. ఆ మోతలోనే వెనక సందులో పైడిరాజు ఇల్లు. ఈశ్వరి తలుపు తీసి, ముందు ఆమె ముఖం కాక చేతులు చూసింది.

"రండి, కూకోండి" అంది. పక్కకు తప్పుకుంది.

పైడిరాజు ఒళ్ళు తగ్గాడు. గుండీల్లేని లాల్చీ వేసుకున్నాడు. కాత్యాయని తెచ్చిన కబురంతా విన్నాడు. జీతం ఎంతో చెబుతుంటే మధ్యలో ఆపాడు.

"అదొగ్గెయ్. ఆ చిన్నోడి కేసు చెప్పు. తీగ ఎక్కడ ఆగింది?"

"రెండో మలుపు దాటాక. వేళ్ళు కదల్లేదు రాజూ. బిగుసుకుపోయాయి. సందు కనిపిస్తూనే ఉంది, అందుకని నేనే బలం పెట్టి తోశాను."

"దారి అనుకుని గోడలోకి తోశావు. ఆ తర్వాత బెలూను ఊదుంటావు. నాళం పగిలుంటది."

ఆమె తల ఊపింది.

"మిగతా ఇద్దరికీ అంతేనా? వేళ్ళు ముందు ఆగాయా?"

"ఆగాయి."

అతను చాలాసేపు ఆమె చేతుల వైపు చూస్తూ కూర్చున్నాడు. పరాయి ఊళ్ళో చదువుకుంటున్న పిల్లల్ని చూడవచ్చిన తండ్రి అలా చూస్తాడు.

"అవి బిగుసుకుపోలేదు. వద్దని చెప్పాయి. నా వేళ్ళు చెప్పే ఉంటాయి, నీకు వాటి మాట తెలీదు. నాకు తెలుసు, నా దగ్గర అవి లేవు."

"అందుకే రమ్మంటున్నాను. నువ్వు పక్కనుంటే..."

"నాను రాను."

"జనం చచ్చిపోతున్నారు రాజూ."

"ఇక్కడా చచ్చిపోతున్నారు. మొన్న కొండ మీంచి ఒకమ్మని డోలీలో మోసుకొచ్చారు. గుండెపోటు. ఏ నాళం మూసుకుందో చూడగానే తెలిసింది. పరికరాలన్నీ ఉన్నాయి. తీగ తీసి పట్టుకున్నాను. జారిపోయింది. మళ్ళీ పట్టుకున్నాను. ఆయమ్మ నా వైపే చూస్తా ఉంది." అతను ఆమె వైపు తిరిగాడు. "నువ్వు ఆ రోజు నిద్రపోయావా, పడుకున్నావా? నాకు తెలుసు. నీ నోటితో వినాలని ఉంది."

రంపం చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది.

"పడుకున్నాను" అంది కాత్యాయని.

అతను తల పంకించి, లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. ఆమె బ్యాగు తీసుకుని లేవబోతుంటే ఈశ్వరి అడ్డంగా వచ్చింది. చేతిలో కంచం, అందులో అన్నం, పప్పు, కొంచెం ఆవకాయ. వెనక ఆరేళ్ళ పాప, భవాని.

"మీకు కాదండీ" అంది ఈశ్వరి. "పాపకి. చిన్నప్పట్నించీ దీనికి వాళ్ళ నాన్నే కలిపి పెట్టీవోరు. నాను కలిపితే ముద్ద బాగోదంటది, రోజూ పేచీయే. ఒక్కపాలి కలిపెట్టండి."

"ఈశ్వరి గారూ, నేను..."

"మీరేటీ చెయ్యక్కర్నేదు. చేతులకి తెలుసు కదా. వాటిని ఒగ్గీయండి, అవే కలుపుతాయి."

కాత్యాయని కంచం ముందు కూర్చుంది. వేళ్ళు అన్నంలో పెట్టగానే అవి పని మొదలుపెట్టాయి. మెతుకు చిదమకుండా పప్పు పట్టించాయి, ఆవకాయ ఒక చివర అంటించి, అరచేతి అంచున దొర్లించి, పక్షి గుడ్డంత ముద్ద చేశాయి. పాప నోరు తెరిచింది. నమిలింది. ఆ చేతుల వైపు చూసింది, ఆ తర్వాత కాత్యాయని ముఖం వైపు చూసి, అమ్మ చీర వెనక్కి వెళ్ళి దాక్కుంది.

"నాన్న ముద్దే" అంది అక్కణ్ణుంచి. "ఈవిడెవరు?"

పెరటి గుమ్మంలో పైడిరాజు నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో తెలియదు. అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

ఈశ్వరి కంచం తీసుకుంది. "ఇక వెళ్ళండి" అంది. "మళ్ళీ రాకండి. దీనికి అలవాటైపోద్ది."

విశాఖ చేరాక కాత్యాయని త్రివిక్రమరావుకు ఫోన్ చేసి, అతను రానన్నాడని చెప్పింది. సరేనన్నాడాయన. రేపటి కేసు మాత్రం వాయిదా వెయ్యడానికి వీల్లేదన్నాడు. దాన్ని చూడటానికి వేరే రాష్ట్రాల నుంచి డాక్టర్లు వస్తున్నారు. వాళ్ళు తమ ఆసుపత్రులకు వారధులు కొనే మాట కూడా ఉంది.

బల్ల మీద ఉన్నది పూర్ణామార్కెట్‌లో పూల వ్యాపారం చేసే మనిషి. అద్దం వెనక అంతా కొత్త ముఖాలు. పైడిరాజు కుర్చీలో త్రివిక్రమరావు కూర్చుని, మైకు దగ్గరికి లాక్కున్నాడు. తీగ మణికట్టులోంచి బయలుదేరి భుజం దాటింది, గుండె చేరింది, మూసుకున్న నాళంలోకి దూరింది. వేళ్ళు చాలా అందంగా కదిలాయి. అద్దం వెనక ఎవరో మెచ్చుకోలుగా ఏదో అన్నారు.

మలుపు దాటాక వేళ్ళు ఆగాయి.

కాత్యాయని తెర వైపు చూసింది. సందు ఉన్నట్టే ఉంది. వేళ్ళ వైపు చూసింది. అవి వద్దంటున్నాయి. ఈసారి ఆ సంగతి ఆమెకు తెలుసు. వద్దంటే మరి ఎటు? వెనక్కి ఎంత రావాలి, ఎటు తిప్పాలి, ఏ తీగ మార్చాలి? వాటిని అడిగింది, లోలోపల, బతిమాలినట్టు. అవి ఏమీ చెప్పలేదు. తీగ పట్టుకుని ఊరికే ఆగి ఉన్నాయి.

"ఆగావేం?" అన్నాడు త్రివిక్రమరావు మైకులో. "దారి కనిపిస్తూనే ఉందిగా."

"సార్, వెనక్కి వచ్చేద్దామా?"

"అందరూ చూస్తున్నారమ్మా" అన్నాడు ఆయన.

మీద కప్పిన గుడ్డ అవతలి నుంచి పూల వ్యాపారి మెడ కొంచెం తిప్పి, "ఇంకా ఎంతసేపు డాక్టరమ్మా?" అని అడిగాడు.

"అయిపోవచ్చింది" అంది కాత్యాయని.

వేళ్ళు వద్దంటూనే ఉన్నాయి. ఆమె మణికట్టు బిగించి, మోచేతి బలంతో తీగను ముందుకు తోసింది. బెలూను పంపించి ఊదింది. తెర మీద నల్లని మందు నాళం గీత దాటి, పక్కకు, పొగలా మెల్లగా పరుచుకుంది.